మా ఆయన చెవులు, ఇంజను చప్పుడు

నిన్న కీసర టోల్‌గేటు దగ్గర స్కూటర్ నెమ్మది చేస్తే, పక్క కారులోని అమ్మాయిలు మమ్మల్ని చూసి కిసుక్కున నవ్వారు. నవ్వరూ మరి! హెల్మెట్ కింద నెరిసిన జడ వేలాడేసుకుని నేను స్కూటర్ తోలుతుంటే, మా ఆయన వెనక కూర్చుని, నా భుజమ్మీద గడ్డం ఆనించి, కళ్ళు అరమూసి తల ఊపుతున్నారు. కొత్త కాపురమనుకుని ఉంటారు. నా ఖర్మ వాళ్ళకేం తెలుసు?

మా ఆయన ఉద్యోగమంతా బస్సులు తోలారు గానీ, డిపోవాళ్ళు ఒక్కనాడూ ఆయన్ని ఇంజను మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. లోపం చెప్పడం వరకే డ్రైవరు పని, బాగుచేసేది మెకానిక్కులు. ఆ కడుపుమంటతో రిటైరవగానే జగ్గయ్యపేటలో కమ్యూనిటీ కాలేజీ వాళ్ళ వాహనాల రిపేరు కోర్సులో చేరారు. చేరితే చేరారు, నన్నెందుకు చేర్చడం? "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే, తోడు రా" అన్నారు. అసలు సంగతి నాకు తెలుసు. అప్పటికే ఆయనకి చెవులు మందగించాయి. ఒప్పుకోవడం ఆ వంశంలోనే లేదు. కుక్కర్ కూత వినపడదు, కాలింగ్ బెల్ వినపడదు. ఇదేమిటండీ అంటే, "నువ్వు నోట్లో నోట్లో గొణుగుతావు" అంటారు. ఉద్యోగమంతా నోరు చించుకుని తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, నేను గొణుగుతానట!

మా నందిగామ నుంచి హైవే మీద ఆయన తోలడం, నేను ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని వెనక కూర్చోవడం. లారీలు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవి, ఈయన మాత్రం పెళ్ళి ఊరేగింపులా సాగిపోయేవారు. క్లాసులో మొదటి బెంచీ. సారు చెప్పినదానికల్లా తల ఊపేసి, నా వైపు వంగి, "ఏమంటున్నాడు?" అని కాలేజీ అంతా వినపడేలా అడిగేవారు. "టాపెట్లు!" అని నేను అరిస్తే వెనక కుర్రాళ్ళు పగలబడి నవ్వేవారు. ఇంజను మూత కింద టకటకలాడే ఆ ముక్కల సంగతి నాకెందుకండీ? అయినా ఆయనకి చెప్పి చెప్పి, నాకే వచ్చేసింది. ఇంజను పక్కన నిలబడితే ఎక్కడ ఏది వదులైందో పోల్చుకునేదాన్ని.

ఒకరోజు లారీ మా మోచేతుల్ని రాసుకున్నట్టే వెళ్ళిపోయాక ఇక నా వల్ల కాలేదు. ఆఖరి పరీక్షలో నడుస్తున్న ఇంజను చప్పుడు విని లోపం చెప్పాలి. "మీరు చెప్పలేకపోతే స్కూటర్ తాళం నాకిచ్చి, చెవుల డాక్టరు దగ్గరికి రావాలి" అన్నాను. "చెప్తే నువ్వు నా చెవుల ఊసెత్తకూడదు" అన్నారు. సరేనన్నాను. గెలుపు నాదేనని ధీమా.

పరీక్ష రోజు ఇంజను ఆన్ చేశారు. టాపెట్ వదులైందని నాకు గుమ్మంలోనే తెలిసిపోయింది. సారు నేర్పినట్టే మా ఆయన స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నారు. ముఖంలో ఏమీ లేదు. ఆ చెవి మార్చి ఈ చెవికి పెట్టుకున్నారు. నా వంక చూశారు. పెదవి కదిపితే చాలు, అందుకుంటారు. నాకు లారీ గుర్తొచ్చింది, తల తిప్పేసుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఆ మహానుభావుడు స్క్రూడ్రైవర్ పిడిని పళ్ళతో కరిచిపట్టుకుని ఇంజను మీదికి వంగి ఉన్నారు! కాసేపటికి ముఖం వెలిగింది. "మూడో సిలిండర్లో టాపెట్ లూజండీ" అన్నారు. చెవిలోకి పోని చప్పుడు దవడ ఎముకలోంచి లోపలికి పోయిందట. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తిరుగు ప్రయాణంలో ఈల వేసుకుంటూ తోలుతున్నారు. చిల్లకల్లు దాటాక వెనక లారీ హారన్. చెవి దగ్గర అరిచాను, వీపు మీద గుద్దాను. ఆఖరికి స్కూటర్ మట్టి మార్జిన్లోకి దిగింది, లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన దిగి ఆ దుమ్ము వంకే చూస్తూ నిలబడ్డారు.

"హారన్ కొట్టాడా?" అన్నారు.

"ఇందాకట్నుంచీ కొడుతూనే ఉన్నాడండీ."

తాళం తీసి నా చేతిలో పెట్టారు. "నెగ్గింది మాత్రం నేనే" అన్నారు. గొంతు బాగా తగ్గిపోయింది.

బడికి స్కూటర్ మీదే తిరిగినదాన్ని, తోలడం నాకు కొత్త కాదు. ఏడుపొస్తుంటే ఆపుకోవడానికి అలవాటుగా సణుక్కుంటూ తోలాను. కాసేపటికి భుజమ్మీద గడ్డం ఆనింది. ఆనింది ఆనినట్టే ఉండిపోయింది.

"ఏవే, మళ్ళీ అను" అన్నారు. "వినపడుతోంది."

చెవుల డాక్టరు దగ్గరికి ఇప్పటికీ రారు, పందెం ప్రకారం నేను అడగకూడదు. వయసులో ఉండగా నా మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసిన మనిషి, ఇప్పుడు ఒక్కొక్క మాట కోసం గడ్డం ఆనించుకుని కూర్చుంటున్నారు. తీరా ఆయన వినడం మొదలుపెట్టాక చూస్తే, చెప్పాల్సినవే ఎక్కువున్నాయి, మిగిలిన రోజులే తక్కువ.