ముందు కడిగిన రీలు

బళ్ళారిలో మా అమ్మాయి ఇల్లు జీన్సు బట్టలు ఉతికే యూనిట్ల వెనక వీధిలో ఉంది. గాలి ఇటు తిరిగిందంటే చాలు, ముక్కు మండిపోయే మందువాసన వంటింటిదాకా వచ్చేస్తుంది. మా అల్లుడు తిట్టుకుంటూ కిటికీలన్నీ మూసేస్తాడు. నేను మాత్రం పిచ్చిదానిలా ఆ కిటికీ దగ్గరే నిలబడతాను. అది సిరుగుప్పలో మా నాయన ఫోటోలు కడిగే గది వాసన కాదని తెలుసు. దూరపు చుట్టమేమో, అయినా ఈ వయసులో దూరపు చుట్టమూ చుట్టమే.

సిరుగుప్ప బజారువీధిలో మా ఇంటి ముందుగదే నాయన స్టూడియో. ఒక స్టూలు, పూలకుండీ బొమ్మ వేసిన తెర, పెండ్లిచూపుల ఫోటోలకు వచ్చే ఆడపిల్లల కోసం అద్దం ముందర ఒక పౌడరు డబ్బా, అంతే ఆయన ఆస్తి. వెనకాల సామాన్ల గది కిటికీకి కంబళి కట్టి, వడ్లబస్తాల నడుమ చీకట్లో కూర్చుని ఫోటోలు కడిగేవాడు. కాలువ కింద కోతలయ్యే రోజుల్లో ఇల్లంతా కొత్తగడ్డి వాసన వేస్తుంటే, ఆ గది ఒక్కటీ పుల్లగా, ఘాటుగా ఉండేది. అక్కా నేనూ దాని గడప ముందు గచ్చకాయలాడుతూ పోట్లాడుకుంటుంటే, "తలుపు తీసినారంటే తోలు తీస్తా!" అని లోపలినుంచి అరిచేవాడు. తోలు తీసిన పాపాన ఏనాడూ పోలేదు.

అక్క పేరు సుశీల, నాకంటే ఐదేండ్లు పెద్ద. కీళ్ళజ్వరం గుండెకు పాకిందని డాక్టరు చెప్పినప్పటినుంచి దాన్ని బడి మాన్పించారు. ఆ ఏడు ఉగాదికి, డ్యాము దగ్గర పనిచేసే మా మేనమామ, ఎవరో దొర ఇచ్చాడంటూ ఒక రంగు రీలు తెచ్చాడు. కడిగితే ఫిలిం మీదే రంగుల బొమ్మలు తేలే రకమది. మా ఊళ్ళో అప్పటికి రంగు ఫోటో చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాయన ఆ రీలంతా అక్కకే వాడేశాడు. నెమలికంఠం రంగు పావడా, జడలో కనకాంబరాలు, చేతిలో సగం కొరికిన ఓళిగ, మోచేతిదాకా కారుతున్న నెయ్యి. అమ్మ తుడుచుకోమని తిడుతూనే ఉంది, నాయన "ఉండనీలేవే, అట్లే బాగుండాది" అంటూ తీస్తూనే ఉన్నాడు.

తీయడం ఎంతసేపు, కడగడమే కష్టం. రంగు ఫిలిం కడిగే మందు మద్రాసు నుంచి రావాలి. ఆ ఖర్చు మాకు నెల తిండి. పైగా ఒకసారి కలిపితే వారం పదిరోజుల్లో చెడిపోతుంది, ఒక రీలు కడిగినా ఆరు కడిగినా ఖర్చు ఒకటే. పెండ్లిళ్ళవాళ్ళ రంగు రీళ్ళు నాలుగైనా వస్తే, వాళ్ళ డబ్బుతో మందు తెప్పించి అందులోనే మాదీ కడుగుదామనుకున్నాడు నాయన. తప్పంటారా? చాలీచాలని ఇంట్లో ఎవరైనా అలాగే అనుకుంటారు.

అక్క మంచం మీదినుంచి రోజూ అడిగేది. "నాయనా, నా పోటోలు ఎప్పుడు కడుగుతావు?"

"ఇంగా మూడు రీళ్ళు రావల్లమ్మా."

"అవి వచ్చేతలికి నాకు మనమరాండ్లు పుడతారులే!" అని నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చేది.

వానలు పట్టుకున్నాయి. స్టూడియో మిద్దె కారడం మొదలైంది. నాయన ఆ రీలును అమ్మ చేతిలో పెట్టి, "తేమ తగిలితే బూజు పడతాది, పదిలం" అన్నాడు. వేడి కూడా తగలకూడదని చెప్పడం మరిచిపోయాడు. అమ్మ దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పొయ్యి పైనున్న గూట్లో, ఉప్పు, అగ్గిపెట్టెలు, విత్తనాల మూట పక్కన దాచింది. తడి తగలకూడని ప్రతి వస్తువుకూ మా ఇండ్లలో అదే చోటు. బంగారాన్ని కూడా ఆమె అంత భద్రంగా దాచి ఉండదు.

శ్రావణంలో అక్క పోయింది.

దీపావళి దాటాక రీళ్ళు కూడాయి, మందు వచ్చింది. అమ్మ పొయ్యిగూట్లోంచి తీసి ఇస్తుంటే నాయన ముఖం మాడిపోయింది, రీలు అందుకుని గదిలోకి వెళ్ళిపోయాడు. తెల్లవారుజామున, కుండలో నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే, మందు సత్తువ మీద ఉన్నప్పుడే, అందరికంటే ముందు మా రీలు కడిగాడు. నేను పక్కనే ఉన్నాను. తలుపు తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. అక్క లేదు. పాలిపోయిన ఎర్రమట్టి నీళ్ళలాంటి రంగు, ఒకచోట పావడా అంచు ఉన్నట్టూ లేనట్టూ. తరవాత అదే మందులో కడిగిన పెండ్లి రీళ్ళు పసుపూ ఎరుపూ నిగనిగలాడుతూ వచ్చాయి. నాయన వాటివంక చూస్తూ, "మీయమ్మకు చెప్పొద్దు మ్మే" అన్నాడు.

అమ్మతో మాత్రం ఇలా చెప్పాడు: "ఊరోళ్ళవి ముందు కడిగినా. మనదానికొచ్చేతలికి మందు సత్తువ పోయినాది. తప్పు నాదే."

"బిడ్డకన్నా పెండ్లోళ్ళు ఎక్కువైనారా నీకు?" అని అమ్మ గుండెలు బాదుకుంది. ఆ తరవాత ఆయన బతికినన్నాళ్ళూ ముఖం చూడకుండానే అన్నం వడ్డించింది. ఆయన తల వంచుకుని తిని లేచేవాడు. ఒక్కనాడూ నోరు జారలేదు.

ఆయనే ముందు పోయాడు. చివరి రోజుల్లో అమ్మ మా ఇంట్లోనే ఉండేది. "సచ్చినోణ్ణి అనకూడదు గానీ, ఆ ఒక్కటి నేను ఓర్చుకోలేకపోతి మ్మే" అంది ఒకరోజు. నాయన పక్షాన ఒక్క మాట, నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమెకు ఆ పొయ్యిగూడు గుర్తుకొస్తుంది. మింగేశాను. ఒకరిని కాపాడాలంటే ఒకరిని చంపాలి, ఏం చేసేది?

ఇప్పుడా స్టూడియో ఉన్నచోట మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది. మందులూ లేవు, చీకటిగదీ లేదు, ఎవరి జేబులో చూసినా వేల రంగు ఫోటోలు, మా అక్కది మాత్రం ఒక్కటీ లేదు. అమ్మ పోయి కూడా చాలా ఏండ్లయింది. నిజం చెబితే నొచ్చుకునేవాళ్ళు లేరు, విని ఊరట పడేవాళ్ళూ లేరు. అయినా చెబుతున్నాను. మా నాయన మా అక్క రీలే ముందు కడిగాడు.