తూకం గదిలో యూపీఎస్

2001లో చెరకు సీజన్ మొదలయ్యే ముందు మా చక్కెర ఫ్యాక్టరీ నన్ను సిస్టమ్స్ ఆఫీసరుగా నర్సీపట్నం తూకం కేంద్రానికి వేసింది. రావికమతం వైపు నుంచి వచ్చే చెరకు బళ్లను అక్కడి కాటా మీద తూస్తే, బరువు నేరుగా కంప్యూటర్‌లో నమోదయ్యేది.

కరెంటు పోయినప్పుడల్లా మెషిన్ ఉన్నపళంగా ఆగిపోయేది. ఒకరోజు అలాగే ఫైలు పాడై, పొద్దుటి తూకాలన్నీ పోయాయి. ఆపరేటర్ మార్తమ్మ గారు చీటీల నకళ్లు చూసి వాటిని మళ్లీ ఎక్కిస్తుంటే, బయట బళ్లు ఎండలో బారులు తీరాయి.

"సెరుకు ఎండిపోతంది బాబూ. తగ్గిన బరువు ఎవులిస్తారు?" అన్నారు అప్పలనాయుడు గారనే రైతు.

పై అధికారులను ఒప్పించి యూపీఎస్ తెప్పించాను. అందులోని బ్యాటరీ కరెంటు పోయాక కొంతసేపు కంప్యూటర్‌ను నడుపుతుంది. రెండింటినీ ఒక కేబుల్‌తో కలిపితే, బ్యాటరీ అయిపోయేలోగా కంప్యూటర్ ఫైళ్లు భద్రపరచుకుని తనంతట తానే ఆగుతుంది. కరెంటు అందగానే మళ్లీ ఆన్ అయ్యేలా కూడా అమర్చాను. మార్తమ్మ గారి ముందు తెర, కీబోర్డు మాత్రమే ఉండేవి; కంప్యూటర్ ఉన్న గది తాళం మేనేజరు గారి దగ్గరుండేది. ఆయన ఊళ్ల మీద తిరుగుతుండేవారు కాబట్టి చేత్తో ఆన్ చేయడం కుదిరేది కాదు.

రైతుల్ని పిలిచి, వాళ్ల ఎదుటే మెయిన్ స్విచ్ కట్టేశాను. బ్యాటరీ తగ్గాక కంప్యూటర్ పద్ధతిగా ఆగింది. వెంటనే స్విచ్ వేశాను. తెర వెలగలేదు.

"పడుకోడం నేర్పేరు గానీ, లెగడం నేర్పలేదేటి?" అన్నారు అప్పలనాయుడు గారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కారణం తర్వాత తెలిసింది. బ్యాటరీ అయిపోకముందే స్విచ్ వేయడంతో యూపీఎస్ సరఫరా ఒక్క క్షణం కూడా ఆగలేదు. సరఫరా తెగి మళ్లీ వస్తేనే కంప్యూటర్ లేస్తుంది. అందుకని కంప్యూటర్ ఆగాక యూపీఎస్ తన సరఫరాను తప్పనిసరిగా ఒకసారి ఆపి, కరెంటు ఉంటేనే తిరిగి ఇచ్చేలా సెట్టింగ్ మార్చాను.

ఈసారి నిండు బండి తూచి పరీక్షిద్దామన్నారు మార్తమ్మ గారు. అప్పలనాయుడు గారి బండే కాటా ఎక్కింది. బరువు నమోదయ్యాక స్విచ్ కట్టేశాను, కంప్యూటర్ ఆగుతుండగానే మళ్లీ వేశాను. తెర ఆరింది, కాసేపటికి వెలిగింది. ఆమె బరువు పైకి చదివారు.

"అదే ఉన్నాది. ఇంక బేగి కానీయండి," అంటూ ఆయన ఎడ్లను అదిలించారు. ఆ సీజన్‌లో మళ్లీ తూకాలు పోలేదు.

యంత్రం సరిగా ఆగడాన్ని చూసి ఊరుకుంటే పరీక్ష సగమే అయినట్టు. ఆగుతున్న మధ్యలో కరెంటు వస్తే అది తిరిగి లేస్తుందా అన్నదీ చూడాలి. ఆ తర్వాత ఎక్కడ యూపీఎస్ పెట్టినా రెండూ చూశాకే అప్పగించాను.