గుట్ట బజారుకు వచ్చిన నడిచే మిషను

ఫోనులో వేలితో నొక్కితే సబ్బుబిళ్ళ దగ్గర్నుంచి సోఫా దాకా గుమ్మంలోకి వచ్చి పడటం మా మాచర్లకు ఇంకా కొత్తగా ఉన్న రోజులవి. ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్ళు, చేతిలో బీకాం, మెడలో పార్సిల్ కంపెనీ వాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు. ఈ మూడింట్లో నాకు ఎక్కువ గర్వం మూడోదాని మీద. దారిలో కార్డు తిరగబడి నా ఫొటో లోపలి వైపుకు పోతే, ఆగి మరీ సరిచేసుకునేదాన్ని. ఆఫీసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే, పైగా కొత్తదాన్ని. అందుకని ఎవరూ వద్దనుకున్న ఏరియా నాకిచ్చారు. అది ఊరి చివర గుట్ట బజారు. "మీ సొంత బజారే కదమ్మా, నీకు తేలిక," అన్నారు మా ఇన్‌ఛార్జి సారు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు.

మా బజారు పడుకుని ఉండదు, నిలబడి ఉంటుంది. నాపరాయి గనుల్లో పనికి వచ్చినవాళ్ళు కింద జాగా దొరక్క, గుట్ట ఎక్కుతూ ఎక్కడ కాలు నిలిస్తే అక్కడ ఇల్లు కట్టుకున్నారు. ఒకరి డాబా ఇంకొకరికి వాకిలి. మధ్యలో కింది నుంచి పైదాకా నూట నలభై మెట్లు. కంపెనీ వాళ్ళ మ్యాపుకు ఎత్తుపల్లాలు తెలియవు. ఇల్లు వచ్చేసిందని ఫోను ముద్దుగా చెప్పేది. తల ఎత్తి చూస్తే ఆ ఇల్లు రెండు తాటిచెట్ల ఎత్తులో ఉండేది. ఆ ఇంటావిడ పైనుంచి "ఆణ్ణే ఉండమ్మాయ్, బుట్ట వదులుతన్నా," అని తాడు కట్టిన బుట్ట దించేది. (పార్సిల్ బుట్టలో పెడితే చాలదు. కూరగాయల బండి దగ్గర్నుంచి కొత్తిమీర కట్ట కూడా తెచ్చి పెట్టాలి. అది కంపెనీ నిబంధనల్లో లేదు, మా బజారు నిబంధనల్లో ఉంది.)

ఉద్యోగంలో చేరి నెల తిరక్కముందే ఆఫీసులో మంచమంత పొడుగు పెట్టె ఒకటి దిగింది. నలుగురు పట్టినా మూలిగే బరువు. పైన పేరు చూస్తే మా మేస్త్రి బాబాయిది. లోపల ఉన్నది ట్రెడ్‌మిల్లు, అంటే ఉన్నచోటే నడిచే మిషను. నూట నలభై మెట్లున్న బజారుకు, అదీ ఆఖరి మెట్టు మీదున్న ఇంటికి, నడవడానికి మిషను. ఆఫీసులో వాళ్ళు నవ్విన నవ్వు నాకింకా చెవిలో ఉంది. అందరికంటే ఆఖరున ఆపింది నేనే.

అసలు సంగతి ఆ సాయంత్రం తెలిసింది. గుంటూరులో నర్సుగా పనిచేసే బాబాయి కూతురు నాకు ఫోన్ చేసింది. "నాన్న అయిదు నెలల్నుంచి మెట్లు దిగలేదే. షుగరు మూడొందలు దాటింది. డాక్టరు నడవమంటే ఇంట్లో యాడ నడిచేది అంటాడు. అందుకే పంపించా. ఎట్టాగైనా ఇంట్లో పెట్టించవే, నీకు పుణ్యముంటది," అంది. ఆ గొంతు విన్నాక నాకు నవ్వు రాలేదు.

అయిదు నెలల కిందట ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ నూట నలభై మెట్లూ వయసులో ఉండగా మేస్త్రి బాబాయే దగ్గరుండి వేయించాడు. సగం రాళ్ళు తన చేత్తోనే పరిచాడు. ఒక వానరోజు పొద్దున, మెట్లు మలుపు తిరిగే చోట, కుళాయి దగ్గర ఆడవాళ్ళందరూ చూస్తుండగా, తను వేసిన మెట్టు మీదే తను జారిపడ్డాడు. ఎముక విరగలేదు. కుళాయి దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ అన్నారు. (నేనూ అన్నాను. ఇన్నాళ్ళకు ఒప్పుకుంటున్నాను.) ఆ రోజు గోడ పట్టుకుని పైకి వెళ్ళిన మనిషి మళ్ళీ కిందికి రాలేదు. కాలు నొప్పి అని చెప్పేవాడు.

"డోర్‌స్టెప్ డెలివరీ అని రాసుంది, చూశావా?" అన్నారు మర్నాడు ఇన్‌ఛార్జి సారు.

"ఏ స్టెప్పు సార్? అక్కడ నూట నలభై ఉన్నాయి."

"ఆఖరిది," అన్నారాయన, ఫోనులోంచి తల ఎత్తకుండా. "మూడు రోజుల్లో ఇవ్వలేకపోతే వెనక్కి పోద్ది. నీ పేరు మీద రిమార్కు పడుద్ది."

రిమార్కు అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. తెలియనందువల్ల చాలా భయం వేసింది.

మొదటి రోజు మా బజారుకు సిలిండర్లు మోసే గ్యాసన్నను, మరో ముగ్గుర్ని బతిమాలి పెట్టె ఎత్తించాను. నేను వెనక నడుస్తూ "జాగ్రత్త, జాగ్రత్త," అనే బరువైన పని చేశాను. మలుపు దాకా బాగానే వచ్చింది. అక్కడ ఒక పక్క గుట్టరాయి, ఒక పక్క కుళాయి పిన్ని ఇంటి గోడ. (కుళాయి ఆవిడది కాదు, కుళాయి దగ్గర పంచాయితీలన్నీ ఆవిడవి.) పెట్టె అడ్డంగా తిరగలేదు. నిలబెడితే రేకుల చూరు తగిలింది. "దీన్ని ఇప్పి ముక్కలుగా తీసుకుపోవాలమ్మా," అన్నాడు గ్యాసన్న. విప్పాలంటే ముందు బాబాయి ఫోనుకు వచ్చిన ఓటీపీ నెంబరు నాకు చెప్పాలి. అది కంపెనీ రూలు. పెట్టెను పిన్ని పంచలో దింపి పైకి పరుగెత్తాను.

బాబాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. "నేనేం అడిగానా దాన్ని?" అన్నాడు.

"అక్క పంపించింది బాబాయ్. నెంబరు చెప్తే చాలు, విప్పి తెస్తాం."

"వస్తువు చూడకుండా నెంబరు చెప్పేదెట్టా? పెట్టె ఇప్పు, చూసి చెప్తా."

"నెంబరు చెప్పందే విప్పకూడదు."

"అల్లుణ్ణే మూడుసార్లు చూసి ఒప్పుకున్నా," అని బాబాయి గోడవైపు తిరిగాడు.

రెండో రోజు వెళ్ళేసరికి మా బజారు ఆ పెట్టెను తనలో కలిపేసుకుంది. దాని మీద ఒక చివర బిందెలు, ఒక చివర పిన్ని ఆరబోసిన గుమ్మడి వడియాలు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పైకెక్కి ఆయాసంలో నోటికొచ్చింది అనేశాను. "ఇది నా తప్పు కాదు బాబాయ్, ఆ మలుపే ఇరుకు. వేసినవాళ్ళకు కొలత తెలవదంట. గ్యాసన్న చెప్పాడు."

బాబాయి నావైపు తిరిగాడు. "ఎవుడు చెప్పింది?"

"గ్యాసన్న."

"వాడికి సిలిండరు తప్ప ఇంకోదాని పొడుగు తెలుసా?" అంటూ లేచి, గూట్లోంచి కొలత టేపు తీశాడు.

(ఆ పిల్ల తెలివిగా రెచ్చగొట్టి ముసలాయన్ని దించిందని తర్వాత బజారంతా చెప్పుకున్నారు. నేనూ కాదనలేదు. నిజానికి నాకు ఆ పూట ఒళ్ళు మండింది, అంతే.)

గోడ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగాడు. రెండు మెట్ల ముందు నేను, పడితే పట్టుకుందామని. పడితే ఇద్దరం కుళాయి దాకా పోయేవాళ్ళం. మలుపు దగ్గర ఆడవాళ్ళు చప్పున మాటలు ఆపేశారు. పిన్ని కిక్కురుమనకుండా బిందెలు పక్కకు జరిపింది. బాబాయి గోడకూ రాయికీ మధ్య టేపు పెట్టి చూశాడు. పెట్టెనూ కొలిచాడు. "నేను మెట్లు వేసినప్పుడు ఈడ తిరగాల్సింది మడుసులు, మంచాలు, పాడె. మూడూ తిరుగుతానే ఉన్నయ్. ఇట్టాంటిది వస్తదని అప్పుడే చెప్పాల్సింది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అప్పుడే ఆయన కాలి కింద రాయి కదిలింది. అది ఆయన జారిన మెట్టే. కూర్చుని, రాయి అంచు కింద వేళ్ళు పెట్టి లేపాడు. కింద మట్టి లేదు. కుళాయి కారిన నీళ్ళకు అంతా కోసుకుపోయి ఉంది. "రాయి తప్పు కాదు. చూడండి, కింద మట్టి లేదు," అన్నాడు. నాతో ఒకసారి, పిన్నితో ఒకసారి, బిందెలవైపు చూస్తూ ఇంకోసారి. పిన్ని మెల్లగా, "అది మాకేం తెలుసు బావా, ఆ రోజు ఊరికే నవ్వొచ్చింది," అంది. బాబాయి ఆవిడిచ్చిన మంచినీళ్ళు తాగాడు.

మూడో రోజు నేను వెళ్ళేసరికి ఆయన మలుపు దగ్గరే ఉన్నాడు, మోకాళ్ళ దాకా లుంగీ మడిచి, పక్కన సిమెంటు బొచ్చె. మెట్టు మళ్ళీ పరుస్తున్నాడు. "బాబాయ్, నెంబరు," అన్నాను. "ఇది ఆరాలి. పెట్టె పైకి పోవాలంటే దీన్ని తొక్కాలి, కుదరదు," అన్నాడు. "ఇయ్యాలే ఆఖరు రోజు బాబాయ్." "అయితే కిందికి తీసుకుపో. కింది మెట్లు ఆరే ఉన్నయ్."

దించేటప్పుడు గ్యాసన్న వాళ్ళను ఆయన నమ్మలేదు. ముందు తను నిలబడి, "ఎడమకి, ఇంకొంచెం, మెల్లగా," అంటూ ఒక్కో మెట్టూ దిగాడు. గోడ పట్టుకోవడం ఎప్పుడు మానేశాడో నేను చూడలేదు. పెట్టె బండెక్కాక చూస్తే బాబాయి రోడ్డు మీద, టీ బంకు ముందు నిలబడి ఉన్నాడు. అయిదు నెలల తర్వాత. అప్పుడే కూతురు ఫోన్ చేసింది. "మిషను బాగుందా నాన్నా? నడుస్తన్నావా?"

"బాగుంది, చానా బరువు. నిన్నటి నుంచి నడుస్తన్నా," అన్నాడు. ఒక్క అబద్ధమూ లేదు.

ఇక నేను, కంపెనీ ఫోనులో డెలివరీ ఎందుకు కాలేదో కారణం నొక్కాలి. అది ఇచ్చినవి మూడే. ఇల్లు దొరకలేదు, మనిషి దొరకలేదు, వద్దన్నారు. పది నిమిషాలు చూసి మూడోది నొక్కాను. వెంటనే ఎర్ర అక్షరాల్లో రిమార్కు వచ్చింది. నా జీవితం అక్కడితో అయిపోయిందనుకుని, టీ బంకు వెనక్కి పోయి, నాకు రెండు సైజులు పెద్దదైన కంపెనీ టీషర్టు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. బాబాయి వచ్చి చక్కెర లేని టీ తను తాగుతూ, చక్కెరది నా చేతికిచ్చాడు. "ఏందమ్మాయ్, సంబంధం తప్పిపోయినట్టు. తాగు, పైకి పోదాం," అన్నాడు.

ఇప్పుడు ఆ ఆఫీసుకు ఇన్‌ఛార్జిని నేనే. రిమార్కులు నా దగ్గరికే వస్తాయి. అవి ఎవరూ చదవరని నాకు ఇక్కడ కూర్చున్నాకే తెలిసింది. ఒకరోజు పని లేక పాత ఫైళ్ళు తిరగేస్తుంటే నా పేరు మీదున్నది కనిపించింది. "కస్టమరును ఒప్పించలేకపోయింది" అని రాసుంది. ఆ పెద్ద టీషర్టు పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెరిపేసే అధికారం నాకుంది. చెరపలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని అదొక్కటే కాగితం మీద ఉంది, అదీ తప్పు కింద.