మంత్రి వేషగాడి పులుసులో ఉప్పు

మా చిన్నప్పుడు... ఊళ్లోకి నాటకం కంపెనీ దిగిందంటే చాలు, పొద్దున్నే ఆడవాళ్లంతా మునసబు గారి అరుగు దగ్గర తగువులాడుకునేవారు. వేషగాళ్లకి ఇంటింటా వంతుల మీద భోజనం పెట్టాలి కదా... ఎవరింటికి ఎవరు రావాలన్నదే ఆ తగువు.

"రాజు మా ఇంటికే రావాల!" అని ఒకావిడ. "నిన్న కూడా మీ ఇంటికే కదేటి, ఇయ్యాల మాకు పంపండి" అని ఇంకొకావిడ.

ఒక ఏడు మాత్రం, మంత్రి వేషగాణ్ణి ఎవరూ అడగలేదు.

అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో... కోటబొమ్మాళి దగ్గర మా ఊరు. నాకు తొమ్మిదేళ్లు. ఆ ఏడు వచ్చిన కంపెనీ ఒకే కథని అయిదు రోజులు ఆడింది, ఇప్పటి సీరియళ్లలాగే. ఒక కోట, ఒక రాజు, ఇద్దరు రాణులు, సింహాసనం మీద కన్నేసిన మంత్రి. రెండో రోజు ఆ మంత్రి రాకుమారుడి పాలల్లో విషం కలిపాడు. ఇంక చూడాలి మా జనాన్ని! చేపలమ్మే పైడమ్మ లేచి నిలబడి "తాగొద్దు బాబో, ఆ పాలు తాగొద్దు!" అని ఒకటే కేక. ఆడవాళ్లు మెటికలు విరిచారు. ఎవరో ఇసక కూడా విసిరారు. నేనైతే వెక్కి వెక్కి ఏడ్చాను. అప్పుడు మంత్రి నవ్వాడు చూడండీ... నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు అరుగు దగ్గర పైడమ్మే తేల్చేసింది. "పసిగుంటడికి ఇసం పెట్టినోడికి బువ్వెవులు పెడతారమ్మా? నానైతే పెట్టను" అంది. అందరూ ఔనంటే ఔనన్నారు.

ఆ రోజంతా, ఆ మర్నాడు పొద్దున కూడా ఆయన్ని ఎవరూ భోజనానికి పిలవలేదు. సంగతి మా మామ్మ చెవిన పడింది. మామ్మంటే మా నాన్నగారి అమ్మ. "ఓలమ్మా, ఆడూ ఒక తల్లి కన్న బిడ్డే కదే! మా ఇంటికి రమ్మనండి" అంది. నాకెంత కోపం వచ్చిందో! విషం పెట్టినవాడు మా వసారాలో కూర్చుని మా అన్నం తినడమా?

మధ్యాహ్నం వచ్చాడు. మీసం లేదు, తలపాగా లేదు. బక్కపలచని మనిషి... చిరుగుల కండువా. చెవి వెనక వేషం రంగు ఇంకా పోలేదు. అది చూసి, వీడే వాడు అనుకున్నాను. మామ్మ ఆకులో అన్నం వడ్డించి "ఒలే గుంటా, లోపల పులుసుంది, తెచ్చి ఒయ్యి. నాను మంచినీళ్లు తెస్తాను" అంటూ నూతి వైపు వెళ్లింది.

వంటింటి మూలన ఉప్పు కుండ. నౌపడా ఉప్పుమళ్ల నుంచి తెచ్చిన రాళ్లుప్పు. రెండు గుప్పెళ్లు తీసి చేపల పులుసు గిన్నెలో వేసి, కరిగేదాకా గరిటెతో తిప్పాను. భయం లేదు సుమండీ... సంతోషం! రాకుమారుడి పగ తీరుస్తున్నానని పొంగిపోయాను. తిండిలో కలిపి పెట్టాడనే కదా ఆయన్ని తిట్టుకున్నాను... నేనూ అదే పని చేస్తున్నానని నా బుర్రకి తట్టనే లేదు.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఇప్పుడు ఉమ్మేస్తాడు, ఇప్పుడు అరుస్తాడు అని గుమ్మం పట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఆయన తల దించుకుని ఆకు ఖాళీ చేసేశాడు. మూడు చెంబుల నీళ్లు తాగాడు.

"పులుసెలగుంది బాబూ?" అని మామ్మ అడిగింది.

"శానా బాగుంది తల్లీ, కడుపు నిండింది" అన్నాడు.

ఆయన వెళ్లాక మిగిలిన పులుసు మామ్మ తను వేసుకుంది. ఒక్క ముద్దకే థూ అని ఉమ్మేసి నా మొహం చూసింది. అంతే, తెలిసిపోయింది. చావగొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నిన్నట్నించి ఆడి కడుపులో మెతుకు పడనేదంటే... అందుకేనే, ఇది కూడా తిన్నాడు..." అని కూలబడి ఏడ్చింది. మామ్మ ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం నా రెక్క పట్టుకుని, కంపెనీ వాళ్లు దిగిన బడికి లాక్కెళ్లింది. ఆయన చిన్న అద్దం ముందు కూర్చుని మొహానికి రంగు వేసుకుంటున్నాడు. "సెప్పే... తప్పయిపోనాదని సెప్పు" అంది మామ్మ.

ఆయనే అన్నాడు. "వదిలీ తల్లీ. గుంట నిజమని నమ్మేసింది. నా ఏషానికి అంతకన్నా ఏటి కావాల?"

మామ్మ ఆయనకి దండం పెట్టింది. నేను ఆవిడ చీర వెనక దాక్కున్నాను. ఒక్క మాట... ఒక్కటంటే ఒక్క మాట అనలేకపోయాను. అయిదో రోజుతో కథ అయిపోయింది, కంపెనీ వెళ్లిపోయింది. ఆయన పేరైనా అడగలేదు నేను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను... వయసొచ్చినకొద్దీ ఆ సిగ్గు పెరుగుతోంది కానీ తగ్గడం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో జపాన్ సీరియల్ చూస్తూ నన్నూ కూర్చోబెట్టింది. పాతకాలం రాజుల కథ. అంతఃపురం, కుట్రలు, చాడీలు... భాష రాకపోయినా అంతా అర్థమైపోయింది నాకు. అందులో పెద్దరాణి, చిన్నరాణి బిడ్డకి మందులో ఏదో కలిపించింది. అంతే! కింద కామెంట్లలో జనం ఆ వేషం వేసిన అమ్మాయిని పట్టుకుని ఎన్నెన్ని మాటలో... చచ్చిపొమ్మని కూడా రాశారట. మా పిల్ల కూడా టకటకా ఏదో కొడుతోంది.

"తీసెయ్యమ్మా అది" అన్నాను.

"అబ్బా, ఆవిడ ఇవన్నీ సదువుతాదేటి మామ్మా! ఎక్కడో జపాన్‌లో ఉంటాది" అంది.

ఏమో తల్లీ... ఉప్పు వేసింది నేనని ఆయనకి తెలియదనే నేనూ అనుకున్నాను. మొదటి ముద్దకే తెలిసింది ఆయనకి.

మా రోజుల్లో మనం తిట్టిన మనిషి మర్నాడు మన వసారాలోకే వచ్చి భోజనానికి కూర్చునేవాడు. ఆ మొహం చూసైనా సిగ్గుపడేవాళ్లం. ఇప్పుడు ఆ మొహం కూడా కనిపించదు కదండీ...

మీ దగ్గరా ఇలా చెప్పకుండా ఉండిపోయిన మాట ఏదైనా ఉంటే కింద రాయండి. ముందు నాది నేను రాస్తాను.

బాబూ... తప్పయిపోనాది.