పిండితో మూసిన జాడీ

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగినప్పుడు లాలాగూడలో పేలిన ఒకే ఒక్క బాంబును తయారు చేసింది మా అమ్మమ్మ మార్త. మందుగుండు లేకుండా, నల్ల కిస్మిస్, చక్కెర, గుప్పెడు గోధుమలతో చేసింది. మా వంశంలో ఇంత గొప్ప పని ఇంకెవరూ చేయలేదు.

ఆ ఏడాది హైదరాబాద్ రాజ్యంలోకి సరుకులు రావడం తగ్గిపోయింది. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధనప్పుడు అందరికీ పంచడానికి తెప్పించుకునే ద్రాక్షారసం సీసాలూ ఆగిపోయాయి. ఇంట్లో ఎవరైనా చేసిస్తారా అని పాస్టరయ్య ఆరాధన తర్వాత అడిగారు. అమ్మమ్మ చటుక్కున చెయ్యెత్తింది. అప్పటికి ఆమె కొత్త కోడలు, చారు తప్ప ఏదీ సరిగ్గా కుదిరేది కాదు. ఆ ధైర్యమంతా పక్కన కూర్చున్న కాంతమణిని చూసుకుని. కాంతమణి ఏటా క్రిస్మస్‌కు ఇంట్లో వైన్ పెట్టే మనిషి. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే గోడ, ఇద్దరికీ కలిపి ఒకటే పాటల పుస్తకం.

"కాంతక్కా, ఎట్ల చెయ్యాల్నో చెప్తవు గద?"

"చెప్పకేం చేస్తనే," అంది కాంతమణి.

చెప్పింది కూడా. కిస్మిస్ సన్నగా తరగమంది, కాచి చల్లార్చిన నీళ్లు పొయ్యమంది, బేకరీ నుంచి ఈస్ట్ తానే తెచ్చిచ్చింది. చక్కెర మిగల్చడానికి అమ్మమ్మ ఇంటిల్లిపాదికీ బెల్లం చాయ్ పోసింది. పాస్టరయ్యకు మాటిచ్చింది, తప్పితే చర్చిలో తల ఎత్తుకోలేదు. అందుకే చివరి మాటను మరీ శ్రద్ధగా వింది.

"ఇగ దమ్ బిర్యానీకి పెట్టినట్టు మూత చుట్టూ పిండి పెట్టు. పైనుంచి తాడుతోని గట్టిగ బిగించు. జెర గాలి తగిలినా ఖరాబైతది."

ఊరగాయకైనా బిర్యానీకైనా గాలి తగలనివ్వకూడదనే మన ఇళ్లలో నేర్పుతారు. అమ్మమ్మకు అనుమానం ఎందుకొస్తుంది?

భారత సైన్యం సరిహద్దు దాటిందన్న కబురు వచ్చిన మర్నాడు మధ్యాహ్నం జాడీ పేలింది. రైల్వే వర్క్‌షాపు మీద విమానాలు బాంబులేస్తాయని అప్పటికే అందరూ హడలిపోయి ఉన్నారు. వీధి వీధంతా మంచాల కిందికి దూరింది. మా తాత జ్ఞానశేఖర్ అందరికన్నా ముందు దూరాడు. గోడ మీద ఎర్రటి మరకలు చూసి ఎవరో చచ్చిపోయారనుకున్నాడు. తీరా సంగతి తెలిశాక అన్నాడు:

"నేను బాయిలర్ల కాడ పనిచేసెటోణ్ణి. ఆవిరికి దారి లేకుంటే పేలుతదని నన్నడిగితే చెప్పకపోదునా?"

అమ్మమ్మ ఏడ్చుకుంటూ పక్కింటికి వెళ్లింది, ఓదారుస్తుందని. కాంతమణి వంటింట్లో ఇంకో జాడీ ఉంది. దాని మూతికి పల్చటి గుడ్డ మాత్రమే కట్టి ఉంది. లోపల బుసబుసమని పొంగుతోంది.

"ఇదేంది అక్కా? నాకు పిండి పెట్టుమని, నువ్వు గిట్ల ఇడిసిపెట్టినవేంది?"

కాంతమణి జాడీ మూతి మీద గుడ్డ సర్ది ముడి బిగించింది. తర్వాత అంది: "అంతా నీకే చెప్పేస్తే నాకేం మిగుల్తదే మార్తా?"

అక్టోబరులో ప్రభువు బల్లకు కాంతమణి ద్రాక్షారసమే వెళ్లింది. గిన్నె తన ముందుకొచ్చినప్పుడు వద్దంటే నలుగురూ అడుగుతారని అమ్మమ్మ తాగింది. రుచి చాలా బాగుందట. ఇంటికొచ్చి ఏడ్చింది అందుకేనట. పాటల పుస్తకం పంచుకోవడం మానేసి పాటలన్నీ బట్టీ పట్టింది. కాంతమణి కార్ఖానా బస్తీకి ఇల్లు మారేదాకా గోడ మీంచి నీళ్ల గురించి, కూరల గురించి మాట్లాడుకున్నారు గానీ జాడీ మాట ఇద్దరూ ఎత్తలేదు. అమ్మమ్మ మళ్లీ వైన్ జోలికి పోలేదు.

మొన్న నేను ఊరుకోకుండా అన్నాను: "అమ్మమ్మా, ఏటా చేసేది ఆమె. ఆ దినం చర్చిల చెయ్యి ఆమె ఎత్తాల్సింది గద. నువ్వే ముందల దూకినవ్."

అమ్మమ్మ వక్క కొరుకుతూ నా వైపు చూసింది.

"అయితే నేనే చేస్తనని నోటితోని చెప్పాలె. దానికి నోరు లేకుండెనా?"