కామాగారి గోడ లెక్క

ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన ఆయన్ని అందరూ కామాగారు అనేవారు. పక్కనొకరు పైకి చదువుతుంటే ఆయన తల వంచుకుని కాగితం మీదే కళ్లు పెట్టేవాడు. పిడుగు పడ్డా తల ఎత్తడని ప్రెస్సంతా నవ్వుకునేది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు.

ఏటా వేసవి చివర ఇరవై రోజులు పాత గిడ్డంగి గోడ వెంట పురుగుల్నీ సాలీళ్లనీ లెక్కపెట్టడం ఆయనా, ఆయన అక్కా కలిసి చేసే పని. అక్క చూసి చెప్పేది, తమ్ముడు రాసేవాడు. తొమ్మిదేళ్లు అలాగే సాగింది. ఆ లెక్క కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్‌కి చేరేది. ‘చూసినవారు’ అన్నచోట తన పేరు కనబడితే అక్కకి ఏనుగెక్కినంత సంబరం.

చలికాలంలో అక్క పోయింది. ఈసారి చూడ్డమూ రాయడమూ తానే చేద్దామని ఆయన ఒక్కడే వెళ్లాడు. పుస్తకం తెరవగానే తల మామూలుగా వంగిపోయింది.

"రాయరా. మూడో స్తంభం, దూకే సాలీళ్లు నాలుగు."

అక్క గొంతే. రాసేశాక గానీ అక్క లేదన్నది ఆయనకి గుర్తురాలేదు. తల ఎత్తి చూశాడు. మూడో స్తంభం నున్నగా సిమెంటు పూసి ఉంది. ఒక్క పగులు లేదు, ఒక్క సాలీడూ లేదు.

వాచ్‌మన్‌ని అడిగితే, "అది పూసి రెండేళ్లు దాటింది సార్," అన్నాడు. "పెద్దమ్మగారు గోడకి చెయ్యి ఆనించుకుని నడిచేవారు కదా. చూపు ఆనదేమో అనుకునేవాణ్ణి."

ఆయన అక్కడే పుస్తకం మళ్లీ తెరిచాడు. పాత పుటలు తిరగేశాడు. పోయినేడు మూడో స్తంభం దగ్గర నాలుగు, ఆ ముందేడు ఐదు. ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో అక్క చేతికే తెలుసు, అందుకే ఆమెకి చూపు లేదని తనకి అనుమానమే రాలేదు. ఇప్పుడు వంటింట్లోంచి, వరండాలోంచి, ఎటు తిరిగినా ‘రాయరా’ అన్న మాటే. రెండు రోజులు తిండి సహించలేదు. దాచిపెడితే లేని పురుగులు లెక్కలో ఉండిపోతాయి. చెబితే అక్క పేరు పోతుంది.

చివరికి మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె కోప్పడలేదు.

"చూపున్నప్పుడు ఆవిడ చెప్పినవి బంగారం లాంటి లెక్కలండీ. అవి ఆవిడ పేరుతోనే ఉంచుదాం. చూపు పోయాక రాసినవి కొట్టేస్తే చాలు. ఏ రోజు నుంచో చెప్పండి. అది తేలకపోతే మాత్రం మొత్తం పక్కన పెట్టాల్సిందే."

ఆయన మొదటి పుట నుంచి చూసుకుంటూ వచ్చాడు. తేదీ, గంట, ఎండ, గాలి, ఒక్కటీ వదలకుండా రాసి ఉన్నాయి. ఆఖరి పుట దాకా వచ్చి పుస్తకం మూశాడు. 

"నాకు తెలీదమ్మా," అన్నాడు. "తొమ్మిదేళ్లూ పక్కనే ఉన్నాను. అక్క మొహం వంక చూడలేదు."