పదమూడు ఈతచెట్లు

1972 జనవరి. ఉదయం ఆరున్నరకు పడవ దిగాం. బంగ్లాదేశ్ దక్షిణపు అంచు, సముద్రానికి నాలుగు మైళ్లు. మోకాలి లోతు బురద. వీపున సామాను, చేతిలో తుపాకీ. ఒక బూటు బురదలో ఇరుక్కుపోతే చేయి పెట్టి లాగాను. యుద్ధం అయిపోయింది. శత్రువులు పాతిపెట్టి పోయిన మందుపాతరలు తీయడం మా పని.

మొదటి ఆర్డరే తిండి మీద. ఊరివాళ్లు ఇచ్చింది ఏదీ ముట్టకూడదు, కలరా వస్తుందని. బాగానే ఉంది. రేషన్ పడవ మాత్రం మూడు రోజులైనా రాలేదు. బిస్కెట్లు అయిపోయాయి.

నాలుగో రోజు పొద్దున్నే, మేం దిగినప్పటి నుంచీ మా చుట్టూ తిరుగుతున్న ఒక ముసలాయన ముంత నిండా ఈతరసం తెచ్చాడు. ఒక ఆకులో మరమరాలు, ఎండుచేప కూర. నేను నల్లగండ్లలో కల్లు గీసే ఇంట పుట్టినవాణ్ణి. ఆ వాసన తగిలాక ఆర్డరు ఎవడికి గుర్తుంటుంది? సగం ముంత ఒక్క గుక్కలో లేపేశాను. చల్లగా, తియ్యగా, ఇంకా పులియని రసం.

మా హవల్దారుది దివిసీమ. "కెప్టెన్ చూశాడంటే తోలు తీస్తాడ్రా," అన్నాడు.

"తియ్యనియ్యి అన్నా. ముందుగాల నువ్వు గీ చేప తిను."

తిన్నాడు. ఆకు కూడా నాకాడు.

ఏడు గంటలకు రేడియో పలికింది. "మధ్యాహ్నం మూడింటికి రేషన్ పడవ. రేవుకు దారి కావాలి. ఓవర్."

రేవుకు అడ్డంగా ఆ ముసలాయన ఈతతోట. ఇరవై రెండు చెట్లు. లోపల మందుపాతరలు. చేత్తో వెతికితే రెండు రోజులు పడుతుందని, మొత్తం తోట పేల్చేయమన్నాడు కెప్టెన్. మా వైరు చుట్టలు చూడగానే ముసలాయనకు అర్థమైంది. గీతకత్తి నేల మీద పెట్టి కూలబడ్డాడు. ఆ చెట్లే ఆయన బతుకు. ఏ చెట్ల దగ్గర పాతారో మొదటి రోజు నుంచీ వేలెత్తి చూపిస్తూనే ఉన్నాడు. మావాళ్లెవరూ నమ్మలేదు.

నేను చెట్ల వైపు చూశాను. తొమ్మిది చెట్లకు కల్లు గీసిన గాట్లు తడిగా ఉన్నాయి. పదమూడింటివి ఎండిపోయాయి. కొన్నాళ్లు గీయకపోతే గాటు ఎండుతుంది. అంటే తొమ్మిదింటి కింద ఈయన రోజూ తిరుగుతున్నాడు, పదమూడింటి జోలికి పోవడం లేదు. ఆయన చూపించినవీ ఆ పదమూడే.

"గా పదమూడింటి కిందనే ఉన్నయి సార్. గంతే వెతికితే చాలు," అన్నాను కెప్టెన్‌తో, వచ్చీరాని హిందీలో.

"నీ కల్లు తెలివి నాకొద్దు. పేల్చు," అన్నాడు కెప్టెన్.

"పేల్చను సార్. మీరు పేల్చుకోండి. నేను లోపలనే ఉంట."

ఏడూ నలభైకి ఇనుప చువ్వ పట్టుకుని బోర్లా పడుకున్నాను. భయం వేసింది. కోపం అంతకంటే ఎక్కువగా ఉంది. హవల్దారు నా వెనకే, వెతికిన దారికి గుర్తుగా తెల్లపట్టీ పరుస్తూ వచ్చాడు. జానెడు జానెడు పొడుస్తూ, ఒంటిగంటా యాభైకి పదకొండు తీశాను; రెండు చెట్ల కింద ఏమీ తగలలేదు. ఒక్క చెట్టు పడలేదు.

నేల ఎవడు శుభ్రం చేస్తే వాడే దాని మీద మొదట నడవాలి. మా పనిలో అది కట్టుబాటు. కానీ ఆరు గంటలు పడుకున్న కాళ్లు తిమ్మిరెక్కాయి. నేను లేచేలోపే ముసలాయన కత్తి, ముంత తీసుకుని లోపలికి నడిచాడు. అరవలేకపోయాను. అరిస్తే ఉలిక్కిపడి పక్కకు అడుగేస్తాడేమో. "దారి అయిందా? ఓవర్," అని రేడియో అడుగుతూనే ఉంది. రేడియో పట్టుకున్నవాడు కూడా ముసలాయన పాదాలనే చూస్తున్నాడు.

పదిహేడు అడుగులు. చెట్టెక్కాడు. ఎండిన గాటు మీద కత్తి పెట్టి గీశాడు.

మూడింటికి పడవ వచ్చింది. ఆర్డరు మీరినందుకు పద్నాలుగు రోజులు పూర్తి సామానుతో ఎండలో పరుగు శిక్ష పడింది. క్షమాపణ రాసిస్తే తగ్గిస్తామన్నారు. రాయలేదు. పరిగెత్తాను.

ఏప్రిల్‌లో శేరిలింగంపల్లిలో రైలు దిగి, నల్లగండ్లకు నడిచి వచ్చాను. "ఎంతమందిని కాల్చినవ్‌రా?" అని చుట్టూ చేరారు.

"ఒక్కన్ని గూడ కాల్చలే. పదమూడు ఈతచెట్లను మల్ల గీతకు తెచ్చిన."

నవ్వారు. నవ్వుకోనీ. నా యుద్ధం అదే.

ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ ముసలాయన పగిలిన మడమ కనిపిస్తుంది. నేను శుభ్రం చేశానన్న నేల మీదికి మెల్లగా దిగుతూ ఉంటుంది. అది నేలను తాకేదాకా నాకు ఊపిరాడదు.